బత్తాయి తొక్కతో జింక్ ఆక్సైడ్ నానో పొడి

నల్లగొండ జ్యూస్ బండ్ల దగ్గర బత్తాయి తొక్క ఊరికే దొరుకుతది. దానితో, నీళ్లలోని రంగును ఎండలో విరగ్గొట్టే జింక్ ఆక్సైడ్ నానో పొడి (కంటికి కనపడనంత సన్నటి రేణువుల పొడి) చేయొచ్చు. మా ల్యాబ్ పిల్లలకు చెప్పే పద్ధతి ఇది. తొక్క కడిగి, ఎండబెట్టి, దంచి, డిస్టిల్డ్ వాటర్‌లో 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి వడగట్టండి. ఆ కషాయం 40 మి.లీ.లో 2 గ్రాముల జింక్ నైట్రేట్ కరిగించి, ముద్దయ్యేదాకా వేడి మీద కలపండి. 400 డిగ్రీల ఫర్నేస్‌లో గంట కాలిస్తే పొడి తయారు. కాలేటప్పుడు గోధుమరంగు విషపు పొగ, నైట్రోజన్ డయాక్సైడ్, వస్తది. ఫ్యూమ్ హుడ్ (పొగను బయటికి లాగే ల్యాబ్ గూడు) లేకుంటే ఈ పని పెట్టుకోవద్దు.

పొడి పనిచేస్తదా అని చూసే పరీక్షకు లీటరు నీళ్లకు 10 మి.గ్రా. మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు చాలు. ఆ రంగునీళ్లు 100 మి.లీ.కి 100 మి.గ్రా. పొడి వేసి, ముందు చీకట్లో అరగంట తిప్పండి. పొడికి అంటుకునే రంగు వేరు, ఎండకు విరిగే రంగు వేరు. తర్వాత డాబా మీద ఎండకు పెట్టండి, పక్కన పోల్చి చూడటానికి పొడి వేయని రంగునీళ్ల బీకరు కూడా.

దీనితో నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా పోతదా సారూ అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతరు. పోదు. ఫ్లోరైడ్ ముక్కలయ్యేది కాదు. దానికి పటిక, సున్నంతో చేసే నల్లగొండ టెక్నిక్ వేరే ఉంది.