క్రాంకు డాంపర్ అరిగిందా? టైమింగ్ ముట్టుకునే ముందు గీతను పరీక్షించండి

పాత బండి ఘాటీ ఎక్కుతూ మరిగిందంటే అందరి చూపూ ముందు రేడియేటర్ మీదికే పోతుంది. సాలూరు దాటి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్టు ఎక్కే బండ్లకైనా, బరంపురం నుంచి తప్తపాణి ఘాటీ దాటి మోహనా పోయే బండ్లకైనా ఇదే వరస. రేడియేటర్ కడిగిస్తారు, థర్మోస్టాట్ పీకేస్తారు, కార్బురేటర్ విప్పుతారు. స్పార్కు ఏ క్షణాన పడుతుందో చూపే టైమింగ్ లైటు పెడితే ఇగ్నిషన్ సరిగ్గానే ఉన్నట్టు కనబడుతుంది. కానీ ఆ లైటు చూపించే గీత ఉండేది క్రాంకు డాంపర్ బయటి రింగు మీద. రింగే జరిగిపోయి ఉంటే ఆ గీతను నమ్మి పెట్టిన టైమింగ్ మొత్తం తప్పే. అందుకే డాంపర్‌ని పరీక్షించకుండా డిస్ట్రిబ్యూటర్ తిప్పవద్దు, ఇంజన్ అసలే విప్పవద్దు.

డాంపర్ పని ఇది. సిలిండర్‌లో పెట్రోలు పేలిన ప్రతిసారీ, పిస్టన్లు తిప్పే క్రాంకు షాఫ్టు కాస్త మెలితిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. కొన్ని ఆర్పీఎంల దగ్గర ఈ మెలికలు ఒకదానికొకటి తోడై పెరిగిపోతాయి. క్రాంకు మూతి మీద కూర్చునే లోపలి హబ్బుకీ, బరువైన బయటి రింగుకీ మధ్య ఉన్న రబ్బరు ఆ ఊపును వేడిగా మార్చి చంపేస్తుంది. ఘాటీలో ఒకే గేరులో, ఒకే వేగంలో అరగంట లాగే బండికి ఆ చెడ్డ ఆర్పీఎం దగ్గరే ఎక్కువసేపు ఉండాల్సి రావచ్చు. రబ్బరు చచ్చిన డాంపర్‌తో అలా తిప్పితే ముందు టైమింగ్ చైను, ఫ్లైవీలు బోల్టులు దెబ్బతింటాయి. పట్టించుకోకపోతే చివరికి క్రాంకే విరుగుతుంది.

మీ బండికి అసలు డాంపర్ ఉందో లేదో ముందు తేల్చుకోండి. క్రాంకు మూతి మీద ఫ్యాన్ బెల్టు తిప్పే పుల్లీ ముఖం శుభ్రంగా తుడిచి చూస్తే రెండు ఇనప వలయాల మధ్య నల్లటి రబ్బరు గీత గుండ్రంగా కనబడాలి. అది లేకుండా పుల్లీ మొత్తం ఒకే ముక్కయితే అది ఉత్త పుల్లీ. అంబాసిడర్ పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, ఎంజీబీ 1798 సీసీ ఇంజన్ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబం. అయినా దేని ముందు ఏ పుల్లీ కూర్చుందో కంటితో చూసే నిర్ణయించండి, ఎందుకంటే ఏళ్ల తరబడి చేతులు మారిన బండ్లలో ముక్కలూ మారిపోయి ఉంటాయి. ఉత్త పుల్లీ అయితే రబ్బరు గురించి చెప్పేది వదిలేయండి. దాన్ని క్రాంకుకి పట్టి ఉంచే నట్టు, జారకుండా గాడిలో కూర్చునే కీ, ఆయిల్ సీలు గురించి చెప్పేదంతా దానికీ వర్తిస్తుంది.

కంటి పరీక్షతో మొదలుపెట్టండి. రబ్బరులో పగుళ్లు, బయటికి ఉబ్బిన చోట్లు, ఊడిపోయిన ముక్కలు వెతకండి. ముందు ఆయిల్ సీలు కారుతున్న బండి అయితే రబ్బరు నూనె తాగి మెత్తబడి ఉంటుంది. ఎండకీ ఇంజన్ వేడికీ ఎండిపోయింది గోటితో నొక్కితే రాయిలా ఉంటుంది. మంచి రబ్బరు కొద్దిగా లొంగి తిరిగి లేస్తుంది. తర్వాత వెనక వైపు టార్చి వేసి చూడండి. టైమింగ్ కవరు (టైమింగ్ చైను మీది మూత) మీద గుండ్రంగా మెరిసే గీత పడి ఉంటే రింగు వెనక్కి జరిగి రాసుకుంటోందని అర్థం. ఇది కనబడ్డాక బండి నడపవద్దు, రింగు ఊడితే రేడియేటర్‌ని చీల్చుకుంటూ బయటికి వస్తుంది.

ఇంజన్ ఐడిల్‌లో ఉండగా పక్కన నిలబడి చూడండి, పుల్లీకి ఎదురుగా కాదు. మెడలో తువ్వాలు ఉంటే ముందు తీసి పక్కన పెట్టండి. ఫ్యాన్ బెల్టు పక్కలకి ఊగుతుంటే రింగు వంకరగా తిరుగుతున్నట్టు. ఇంజన్ ఆపి, గట్టి తీగ ఒకటి ఏదైనా బోల్టుకి కట్టి దాని కొసను రింగు అంచుకి దగ్గరగా నిలపండి. క్రాంకుని చేత్తో ఒక చుట్టు తిప్పండి. తీగకీ అంచుకీ మధ్య సందు ఒక మిల్లీమీటరు కంటే ఎక్కువ మారితే ఆ డాంపర్‌ని మేం నమ్మం.

నిదానంగా జరిగే రింగుని పట్టడానికి తెల్ల పెయింటు చాలు. హబ్బు మీది నుంచి రబ్బరు దాటి రింగు మీదికి ఒకే సన్నటి గీత గీయండి. ఒక ఘాటీ ఎక్కి దిగి వచ్చాక చూడండి. గీత రెండుగా తెగి పక్కకి జరిగితే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

ఇంతకుముందే జరిగిపోయి ఇప్పుడు కదలకుండా ఉన్న రింగుని మాత్రం పెయింటు పట్టలేదు. దానికి అసలైన టీడీసీ, అంటే ఒకటో పిస్టన్ నిజంగా పైకొసకి చేరే చోటు కనుక్కోవాలి. ఈ పరీక్షకి గంట పడుతుంది, కానీ దీన్ని వదిలేసి చేసే పని ఊహే అవుతుంది. పాత 14 మిల్లీమీటర్ల ప్లగ్గు ఒకటి తీసుకుని, లోపలి పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ బొంగులోంచి కొస గుండ్రంగా అరగదీసిన బోల్టు దూర్చి వెల్డింగ్ చేయించండి. ఇదే స్టాపరు. బ్యాటరీ ఎర్తు తీగ తీసేయండి (పాత లూకాస్ వైరింగు బండ్లలో ఎర్తు ప్లస్ వైపు కూడా ఉంటుంది, చూసుకోండి). ప్లగ్గులన్నీ విప్పి, ఒకటో సిలిండర్‌లో స్టాపరు బిగించండి. దాని కొస వాల్వులకి తగలకూడదు. అనుమానం ఉంటే ఆ సిలిండర్ రెండు టాపెట్లు సడలించి, పని అయ్యాక గ్యాపు మళ్లీ పెట్టుకోండి.

బండిని టాప్ గేరులో పెట్టి నెమ్మదిగా ముందుకి తొయ్యండి. పిస్టన్ స్టాపరుకి మెత్తగా తగిలి ఆగుతుంది. టైమింగ్ కవరు మీది ములుకు ఎదురుగా రింగు మీద సుద్దతో ఒక గీత పెట్టండి. ఇప్పుడు బండిని వెనక్కి తొయ్యండి. పిస్టన్ కిందికి దిగి, అటు వైపు నుంచి పైకొచ్చి మళ్లీ ఆగుతుంది. అక్కడ రెండో గీత. ఈ రెండిటికీ సరిగ్గా మధ్య, దగ్గరి వైపు, అసలైన టీడీసీ. స్టార్టర్ మోటార్‌తో ఇది చేయవద్దు, పిస్టన్‌కి బొక్క పడుతుంది. స్టార్టింగ్ హ్యాండిల్ ముందుకే పనికొస్తుంది, వెనక్కి పట్టదు. వెనక్కి తిప్పడానికి నట్టు మీద స్పానర్ వేస్తే నట్టే వదులు కావచ్చు, అందుకే బండిని తొయ్యమంటున్నాం.

కొలతకి రింగు చుట్టూ కాగితం పట్టీ చుట్టండి. వ్యాసం 150 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత 471, అంటే డిగ్రీకి 1.3 మిల్లీమీటర్లు. ఫ్యాక్టరీ గీత మీ గీతకి 10 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే రింగు దాదాపు 8 డిగ్రీలు జరిగింది. రెండు డిగ్రీలు దాటితే డాంపర్ మార్చాల్సిందే. ఎటు జరిగిందో కూడా చూడండి. పిస్టన్ నిజంగా పైకొసకి వచ్చినప్పుడు ఫ్యాక్టరీ గీత ఇంకా ములుకుని చేరలేదంటే రింగు వెనకబడింది. ఆ గీతని నమ్మి స్పార్కుని టీడీసీకి 10 డిగ్రీల ముందు పెడితే ఇంజన్‌కి దక్కింది రెండే. ఎత్తులో లాగదు, సైలెన్సర్ పైపు ఎర్రబడుతుంది, రేడియేటర్ మరుగుతుంది. గీత ములుకుని దాటిపోయి ఉంటే ఇందుకు తిరగబడి స్పార్కు ముందే పడుతుంది, లోడు మీద ఇంజన్ టకటకలాడుతుంది.

శబ్దం విషయంలో ఒక జాగ్రత్త. ఐడిల్‌లో బరువైన ‘డక్ డక్’ వినబడితే మెయిన్ బేరింగులు పోయాయని తేల్చేసి ఇంజన్ దించే అలవాటు ఉంది. ముందు ఫ్యాన్ బెల్టు తీసి అర నిమిషం తిప్పి వినండి. శబ్దం ఆగితే డైనమో, వాటర్ పంపు చూడండి. ఆగకపోతే క్రాంకు నట్టు చూడండి. నట్టు వదులైతే హబ్బు అర్ధచంద్రాకారపు కీ మీద అటూ ఇటూ కొట్టుకుంటుంది, అచ్చం బేరింగు పోయిన శబ్దమే. ఆ స్థితిలో కొన్నాళ్లు నడిపితే కీ గాడి వెడల్పవుతుంది. అప్పుడు కొత్త డాంపర్ వేసినా నిలవదు, క్రాంకు లేత్ దగ్గరికి పోవాల్సిందే.

ఇక విప్పడం. ఒక రోజు పని అనుకోండి. చక్రాలకి రాళ్లు పెట్టండి, నీళ్లు దించండి, రేడియేటర్ తీసేయండి. రేడియేటర్ ఉంచి సందులోంచి పుల్లర్ దూర్చాలని చూస్తే రెండూ పాడవుతాయి. బెల్టు తీయండి. నట్టు కింది లాకు వాషరు రెక్కను ఉలితో చదును చేయండి. నట్టు చుట్టూ తుప్పు వదిలే నూనె ముందు రోజు రాత్రే పోసి ఉంచండి. బరంపురం దగ్గరి గోపాలపురం తీరం పక్కన ఉన్న బండ్లకి ఉప్పుగాలి వల్ల రెండు రాత్రులైనా కావాలి. గ్యాసు మంట మాత్రం పెట్టవద్దు, పక్కనే సీలు ఉంది.

బి-సిరీస్‌లో నట్టు మరలు మామూలువే, ఎదురు నుంచి చూస్తే ఎడమకి తిప్పితే వస్తుంది. సాకెట్ సరిగ్గా పట్టేది వాడండి, అంగుళాల నట్టుకి దగ్గరలో ఉన్న మిల్లీమీటర్ సాకెట్ వేస్తే మూలలు పోతాయి. టాప్ గేరు వేసి ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి ఉంటే చాలాసార్లు వచ్చేస్తుంది. రాకపోతే స్టార్టర్ తీసి ఆ రంధ్రంలోంచి ఫ్లైవీలు పళ్లను ఆపండి.

డాంపర్‌ని లాగేది ఎప్పుడూ హబ్బు పట్టుకునే. హబ్బులో మర ఉన్న రంధ్రాలుంటే వాటిలో బోల్టులు వేసి లాగే పుల్లర్ వాడండి. కాళ్ల పుల్లర్‌ని బయటి రింగుకి తగిలిస్తే రింగు చేతికి వస్తుంది, హబ్బు క్రాంకు మీదే ఉండిపోతుంది. క్రాంకు మూతి మరలు పాడవకుండా నట్టుని రెండు మూడు మరలు ఎక్కించి ఉంచి దాని మీద పుల్లర్ నొక్కండి. సుత్తి వెనక నుంచి వద్దు, ముందు నుంచీ వద్దు.

డాంపర్ చేతికి వచ్చాక సీలు రాసుకునే చోట హబ్బు మీద గోరు పెట్టి లాగండి. గోరు ఆగేంత గాడి ఉంటే ఎంత కొత్త సీలు వేసినా కారుతుంది, సన్నటి స్టీలు స్లీవు ఎక్కించాలి. కొత్త డాంపర్ వేస్తున్నా సీలు మార్చండి. మొదటి తరం బి-సిరీస్ కవర్లలో ఫెల్టు సీలు, తర్వాతి వాటిలో రబ్బరు పెదవి సీలు. పాతది పట్టుకుపోయి పోల్చి కొనండి. టైమింగ్ కవరు విప్పితే బిగించేటప్పుడు ఒక పద్ధతి ఉంది. కవరు బోల్టులన్నీ వదులుగా ఉంచి, నూనె రాసిన హబ్బుని సీలులోకి ఎక్కించి, కవరు దానంతట అదే మధ్యకి సర్దుకున్నాకే బోల్టులు బిగించాలి. ఇది చేయకపోవడం వల్లే కొత్త సీలు వారంలో కారుతుంది.

డాంపర్ ఎక్కడ దొరుకుతుందంటే, అంబాసిడర్ సామాను పాత పార్టుల షాపుల్లో, ముఖ్యంగా కోల్‌కతా మల్లిక్ బజార్‌లో వెతకడం మన వైపు వాళ్లకి అలవాటే. బరంపురం నుంచి రైలెక్కితే నేరుగా హౌరా. వాడిన డాంపర్ కొనకండి, మీది పోయిన కారణంతోనే అదీ పోతుంది. పాత స్టాకు కొత్త డాంపర్ అన్నా గోటి పరీక్ష చేయండి, డబ్బాలో కూడా రబ్బరు ముసలిదవుతుంది. పాత హబ్బుకి కొత్త రబ్బరు పోయించేది డాంపర్ల పని తెలిసిన చోటే. రబ్బరు గట్టితనం మారితే డాంపర్ అదుపు చేసే ఆర్పీఎం మారిపోతుంది, కాబట్టి టైర్ల రీట్రేడింగు వాళ్లకి ఇచ్చే పని కాదిది. ఇచ్చేటప్పుడు గీత మళ్లీ సరైన చోట కొట్టమని రాసి ఇవ్వండి. రింగులో ఒక వైపు బరువు కలిపి ఉంటే, అంటే బ్యాలెన్సు కోసం పెట్టిందైతే, దాని బదులు మామూలు డాంపర్ వేయకూడదు.

బిగించే ముందు కీ, గాడి, క్రాంకు మూతి కిరోసిన్‌తో కడిగి, గరుకులుంటే సన్నటి ఎమెరీ కాగితంతో తీసేయండి. కీ కొత్తది వేయండి. హబ్బుని చేత్తో కీ మీదికి ఎక్కించి, నట్టుతో నెమ్మదిగా లోపలికి లాగండి. బిగుసుకుంటే ఆపి విప్పి చూడండి, కీ పైకి లేచి ఉంటుంది. కొత్త లాకు వాషరు వేసి, ఎంజీబీ తరహా ఇంజన్‌కి 70 పౌండ్-అడుగులు, అంటే సుమారు 95 న్యూటన్ మీటర్ల టార్కు ఇవ్వండి. వేరే ఇంజన్‌కి దాని మాన్యువల్‌లోని అంకె. అప్పుడు వాషరు రెక్క నట్టు పలక మీదికి మడవండి. పొడుగాటి స్కేలు ఆనించి క్రాంకు, వాటర్ పంపు, డైనమో పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయా చూడండి. బెల్టు పొడవైన వైపు బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

పాత చెవర్లే 216, 235 ఆరు సిలిండర్ల ఇంజన్లున్న వాళ్లకి ఒక ముక్క. వీటిలో ఫ్యాక్టరీ క్రాంకు మూతికి బోల్టు ఉండదు, డాంపర్ కేవలం బిగువు మీదే నిలుస్తుంది. కొత్తది సుత్తితో కొట్టి ఎక్కిస్తే రబ్బరు బంధం అక్కడే తెగుతుంది. ఇంజన్ ఎలాగూ దించినప్పుడు క్రాంకు మూతికి రంధ్రం వేయించి మర కోయించుకుంటే, ఆ తర్వాత డాంపర్ బోల్టుతోనే లోపలికి లాగవచ్చు, బోల్టుతోనే పట్టి ఉంచవచ్చు.

స్టార్టు చేసే ముందు స్టాపరు పరీక్ష ఇంకొకసారి చేయండి. కొత్త డాంపర్ గీత కూడా మీ టీడీసీతో కలవకపోవచ్చు, అలాగైతే మీరు కనుక్కున్న చోట పెయింటు గీత పెట్టి దానితోనే నడవండి. స్టాపరు తీసి, టాపెట్లు సడలించి ఉంటే గ్యాపు పెట్టి, ప్లగ్గులు వేసి, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాపు సరిచూసి, అప్పుడు టైమింగ్ లైటు పట్టండి. హబ్బు నుంచి రింగు దాకా కొత్త తెల్ల గీత గీయండి. 500 కిలోమీటర్ల తర్వాత దాన్ని చూసి, లాకు రెక్క విప్పి నట్టు టార్కు ఇంకోసారి సరిచూసుకోండి.