కర్బ్‌కి, అంటే కాలిబాట అంచు గట్టుకి, రంగు లేదని కారు పెట్టేస్తున్నారా?

ఏ రంగూ లేని మూల. బోర్డూ లేదు. తిరిగొచ్చి చూస్తే వైపర్ కింద జరిమానా టికెట్. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఇలాంటి టికెట్లు రాస్తున్నారు. ఆగస్టు సెమిస్టర్‌కి దిగి సెకండ్ హ్యాండ్ కారు కొన్న పిల్లలకే కాదు, పదేళ్లుగా అక్కడ నడుపుతున్నవాళ్లకీ ఈ సంగతి తెలియడం లేదు.

ముందు కర్బ్ మీద పూసే రంగులు, గబగబా. ఎరుపు దగ్గర ఆపకూడదని అందరికీ తెలుసు. లోపల డ్రైవర్ కూర్చున్నా, హజార్డ్ లైట్లు వేసినా ఎరుపు ఎరుపే. తెలుపు మనుషులు ఎక్కి దిగడానికి. పసుపు మనుషుల్నో సరుకునో ఎక్కించుకోడానికి, దింపడానికి. శాన్‌ఫ్రాన్సిస్కోలో అయితే అది సరుకు దింపే కమర్షియల్ బళ్ల జాగా. ఆకుపచ్చ కొద్దిసేపటికే, ఎన్ని నిమిషాలో కర్బ్ మీదో బోర్డు మీదో రాసి ఉంటుంది. నీలం దివ్యాంగుల ప్లకార్డు (కారులో తగిలించే అనుమతి కార్డు) ఉన్నవాళ్లది. దాని పక్కన అడ్డగీతల జాగా వీల్‌చెయిర్ దింపడానికి, అక్కడా పెట్టొద్దు. నీలం దగ్గర జరిమానా 250 డాలర్లకు తగ్గదు. అమ్మానాన్నల ప్లకార్డు వాళ్లు కారులో వచ్చినప్పుడే వాడాలి. దాంతో ఆకుపచ్చ దగ్గర ఎంతసేపైనా ఉంచొచ్చు గానీ ఎరుపు, పసుపు, తెలుపు దగ్గర అది పనికిరాదు.

ఇక అసలు కొంప ముంచేది. రంగు లేకపోవడం అనుమతి కాదు. క్రాస్‌వాక్‌కి, అంటే నడిచేవాళ్లు రోడ్డు దాటే దారికి, బళ్లు వచ్చే వైపున 20 అడుగుల లోపు కారు ఆపకూడదు. కర్బ్ రోడ్డులోకి ముందుకు పెంచి కట్టిన చోట 15 అడుగులు. తెల్లగీతలు లేకపోయినా, రెండు రోడ్లు కలిసే మూలలో కాలిబాట ఇటు నుంచి అటు సాగే దారి చట్టం లెక్కలో క్రాస్‌వాకే. టొయోటా క్యామ్రీ కారు పొడవు సుమారు 16 అడుగులు. అంటే ఒక కారు పట్టేంత ఖాళీ, పైన ఇంకో రెండు అంగలు. మూలకి ఆనించి ఎస్‌యూవీ పెడితే, దాని ముందు నుంచి రోడ్డు మీద అడుగేసే పిల్లాడు వెనక నుంచి వచ్చే డ్రైవర్‌కి కనపడడు. ప్రతి మూలకీ ఎరుపు పూయాల్సిన పని ఊరికి లేదు. వదలాల్సిన పని మీకుంది.

ఫైర్ హైడ్రెంట్‌కీ (ఫైరింజన్ నీళ్లు పట్టుకునే రోడ్డు పక్క కొళాయికీ) అంతే. అటు 15, ఇటు 15 అడుగులు. కర్బ్ మీద రంగు కోసం వెతక్కండి.

రాత్రిపూట దిగి ఫోన్ టార్చ్ వేసి చూడండి. పెచ్చులూడిన ఎరుపు వీధిదీపం కింద మట్టిరంగులా ఉంటుంది. కర్బ్ పైభాగమే కాదు, రోడ్డు వైపు ముఖం కూడా చూడాలి, ఆకులుంటే కాలితో తోసి.

చక్రాలు కర్బ్‌కి 18 అంగుళాల లోపే ఉండాలి. వాలులో హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే చాలదు, దిగుడైతే చక్రాలు కర్బ్ వైపు, కర్బ్ ఉన్న ఎగుడైతే రోడ్డు వైపు తిప్పండి. డ్రైవ్‌వేలో రెండో కారు తోక కాలిబాట మీదికి రానివ్వకండి. ముందే ఇంకో కారు అలా పెట్టి ఉందని ధైర్యం చేయకండి, దానికీ టికెట్ పడుతుంది. ఇండియాకి వెళ్తూ కారు వీధిలో వదలొద్దు, చాలా ఊళ్లలో 72 గంటలు దాటితే టో చేస్తారు. ఈ రంగుల లెక్క వేరే రాష్ట్రానికి మోసుకెళ్లొద్దు. న్యూయార్క్ నగరంలో బోర్డు చూడాలి. టికెట్ పడితే కారు కదపకముందే క్రాస్‌వాక్ నుంచి బంపర్ దాకా టేపు పెట్టి ఫొటో తీయండి. అభ్యంతరం చెప్పడానికి టికెట్ ఇచ్చిన రోజు నుంచి 21 రోజులు. రంగు లేదని మాత్రం అందులో రాయకండి, అది చెల్లదు.