తట్టు టీకా వేయించాలా వద్దా? లెక్క ఇలా వేసుకోండి

"మేడమ్, ఈ సూదికి ఫిట్స్ వస్తాయంట కదా?" బుధ, శనివారాల్లో మా సబ్‌సెంటర్‌కొచ్చే తల్లుల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అరుదుగా వస్తాయి. "ఏం కాదులేమ్మా" అని దాటేయడం నాకు నచ్చదు. కాగితం తీసి రెండు గడులు గీయండి. అత్తగారు వద్దంటున్నారా, ఆవిడనీ పక్కన కూర్చోబెట్టుకోండి.

ఒక గడిలో టీకా. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ టీకా వేస్తే మూడు నాలుగు వేల డోసులకు ఒకసారి జ్వరంతో ఫిట్స్ రావచ్చు. చూస్తే గుండె ఆగిపోయినట్టుంటుంది కానీ మామూలుగా పిల్లకి శాశ్వత నష్టం ఉండదు. తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసులకు ఒకటి రెండు.

రెండో గడిలో జబ్బు. తట్టు వచ్చిన పిల్లల్లో ఇరవైమందికి ఒకరికి నిమోనియా, వెయ్యికి ఒకరికి మెదడువాపు, వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురి దాకా మరణం. ఇవి అమెరికా లెక్కలు. పోషణ సరిగా లేని పిల్లలకి ముప్పు ఇంకా ఎక్కువ.

"అసలు తట్టే రాకపోతే?" అంటారు. మంచి ప్రశ్నే. ఊళ్లో నూటికి తొంభైఐదుమంది వేయించుకుంటే మీ పాపకి అంటే అవకాశం తక్కువే. కానీ పెళ్లికని బస్సెక్కి వేరే ఊరెళితే ఆ లెక్క చెల్లదు. రక్షణ లేనివాళ్లు రోగి దగ్గర మసిలితే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకుంటుంది. రోగి వెళ్లిపోయాక కూడా తట్టు క్రిమి గది గాలిలో రెండు గంటల వరకు ఉంటుంది. ధనుర్వాతమైతే మనిషి నుంచి మనిషికి అంటదు, మట్టిలోంచి గాయంలోకి వస్తుంది. అందుకే దాని నుంచి పక్కింటివాళ్ల టీకా మీ పిల్లని కాపాడదు.

ఈ టీకాతో ఆటిజం వస్తుందన్న మాట కాగితం మీదకి రానీయకండి. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పన్నెండుమంది పిల్లల మీద వచ్చిన వ్యాసంతో మొదలైన మాట అది. 2010లో ఆ పత్రికే ఆ వ్యాసాన్ని రద్దు చేసింది.

ఇక టీకా గడిలోని ముప్పుని ఇంకా తగ్గించుకోవచ్చు. ఇంతకుముందు డోసుకి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చినా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా ముందే చెప్పండి. ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) సీసా తెరిచిన టైమ్ దాని మీదే రాస్తాం. నాలుగు గంటలు దాటితే వాడకూడదు, క్రిములు చేరితే ప్రాణం మీదకొస్తుంది. చూపించమని అడగండి, మేమేం అనుకోం. సూది అయ్యాక అరగంట కూర్చోండి. పెంటావాలెంట్‌కి (అయిదు జబ్బులకి కలిపి వేసే టీకా) జ్వరం వస్తే మామూలుగా ఆ రాత్రే వస్తుంది. ఎంఆర్‌కి వారం, పది రోజుల తర్వాత రావచ్చు, కంగారుపడకండి. ఫిట్స్ వస్తే మాత్రం 108కి ఫోన్ చేయండి.

ముక్కు కారుతోందని వాయిదా వేయకండి. ఒళ్లు కాలిపోతుంటే మాత్రం తగ్గాక తీసుకురండి.