శుభలేఖ కవర్ల మీద పేర్లు రాయడం ఎలా? (చుట్టాల్లో నలుగురు సుబ్బారావులు ఉన్నవాళ్లకి)

పెళ్లి కుదరగానే కార్డు డిజైన్ కోసం వారం రోజులు తర్జనభర్జన పడతారు, కవర్ల మీద పేర్లు మాత్రం ఆఖరి రాత్రి పిల్లల చేత బరబరా రాయించేస్తారు. తర్వాత ఆరు నెలల పాటు "మాకు కార్డే అందలేదు" అనే నిష్ఠూరాలు. కార్డు అందింది, వేరే సుబ్బారావు గారికి.

కావలసినవి ఒక రూళ్ల నోటుబుక్కు, నీలం బాల్‌పెన్ను, పసుపు. జెల్ పెన్ను వద్దు, తడి పసుపు తగిలితే అలుక్కుపోతుంది. ఎక్సెల్ కూడా వద్దు, అక్షరాల వరసలో పెట్టగానే సుబ్బారావులంతా ఒకచోట చేరి ఎవరు ఎవరో తెలీకుండా పోతుంది. ఊరికో పేజీ, ఇంటికో వరస. అంతే.

ముందు ఊరు తేల్చుకోండి. అరండల్‌పేట విజయవాడలోనూ ఉంది, గుంటూరులోనూ ఉంది. కొత్తపేటా అంతే. అందుకే పిన్‌కోడ్ లేకుండా కవరు అంటించొద్దు: 520తో మొదలైతే విజయవాడ, 522 అయితే గుంటూరు వైపు. తాడేపల్లి 522501, తాడేపల్లిగూడెం 534101, చివర "గూడెం" మింగేశారా కార్డు పశ్చిమ గోదావరికి వెళ్లకుండా ఇక్కడే కృష్ణ ఒడ్డున ఆగిపోతుంది. మన గన్నవరం విమానాశ్రయం ఉన్నది, కోనసీమలో ఉన్నది పి.గన్నవరం. ఎన్టీఆర్ జిల్లాలో అయితే ఎ.కొండూరు, జి.కొండూరు అని రెండు మండలాలే ఉన్నాయి, ఆ ముందక్షరం వదిలేస్తే పోస్ట్‌మ్యాన్‌ని తిట్టుకుని లాభం లేదు. అన్నట్టు 2022లో జిల్లాలు మారాక ఇంకో తంటా: ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు ఎన్టీఆర్ జిల్లాలో లేదు, కృష్ణా జిల్లాలోనే ఉంది. పేరు చూసి జిల్లా రాసేయకండి.

తాడేపల్లి, కొండపల్లి, గొల్లపూడి ఊళ్లూ అవే, ఇంటిపేర్లూ అవే. ఊరికే "గొల్లపూడి సుబ్బారావు గారు" అంటే గొల్లపూడిలో ఉండే ఆయనా, గొల్లపూడి వారి అబ్బాయా? ఇంటిపేరు పేరుకి ముందు పూర్తిగా రాయాలి, ఊరు కింద వేరే వరసలో రాయాలి. పొడి అక్షరాలు నేను ఒప్పుకోను. ఇంటిపేరు కలిసింది కదా అని చుట్టరికమూ కలపకండి, ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో కూడా ఉంటుంది.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది, నిదానంగా చదవండి. మన దగ్గర తాత పేరు మనవడికి పెడతారు. తాతకి ముగ్గురు కొడుకులుంటే ముగ్గురి ఇళ్లలోనూ ఒక వెంకటసుబ్బారావు తేలతాడు, ఇంటిపేరూ ఒకటే, ఒక్కోసారి వీధి కూడా ఒకటే. సినిమా వాళ్లూ దీనికి అతీతులు కారు, నందమూరి తారక రామారావు అంటే తాతా మనవడా అని అడగాల్సిందే కదా.

పైగా ఆ పేరుతో ఇంట్లో ఎవరూ పిలవరు. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదంటారు, కాబట్టి వాడు పుట్టినప్పటి నుంచీ బుజ్జి, చిన్నా, బాబు. మీ అమ్మ చెప్పే లిస్టులో ముగ్గురు బుజ్జిలుంటారు, వాళ్ల అసలు పేర్లు అడిగితే ముగ్గురివీ మళ్లీ ఒకటే. మీ ఫోనులో "బుజ్జి గుంటూరు", "బుజ్జి కొత్త నంబర్" అని ఉంటే దాన్ని నమ్ముకుని కవర్లు మొదలెట్టకండి.

దీనికి విరుగుడు తండ్రి పేరే. అన్నదమ్ముల పిల్లలకి ఇంటిపేరు కలుస్తుంది, పేరు కలుస్తుంది, తండ్రి పేరు కలవదు. ఇంటిపేరు, పేరు, గారు. దాని కిందే ఫలానా వారి కుమారుడు. కొందరు ఉద్యోగం రాస్తారు, "ఎల్ఐసీ సుబ్బారావు గారు" అని. ఆయన రిటైరై ఎన్నాళ్లయిందో మీకేం తెలుసు? డెబ్బై ఏళ్లాయన్ని "చిన్న సుబ్బారావు గారు" అని కవరు మీద రాయడం మరీ ఘోరం, ఆయన ముందే అన్నగారి మీద కినుకగా ఉంటాడు. నల్లాయన, బట్టతలాయన లాంటి గుర్తులు నోటుబుక్కులో కూడా వద్దు, పంచడానికి వెళ్లే కుర్రాడు గుమ్మంలో నిలబడి పైకి చదివేస్తాడు. బుజ్జి, చిన్నా మాత్రం నోటుబుక్కులో బ్రాకెట్లో పెట్టుకోండి, ఫోన్ చేసేటప్పుడు పనికొస్తాయి.

రాయడం అయ్యాక నాలుగు మూలలా పసుపు పెట్టండి. ఒకే పేరున్న అన్నదమ్ములకి కార్డులు ఒకే రోజు, ఒకే మనిషి చేతితో ఇప్పించండి. ఒకరికి ముందు వెళ్తే రెండోవారికి వేరే ఏమీ చెప్పక్కర్లేదు, కబురు సాయంత్రానికి అందుతుంది. పోస్టులో పంపినవాళ్లకి ఐదారు రోజులాగి ఫోన్ చేసి, అందిందని చెప్పాకే నోటుబుక్కులో టిక్కు కొట్టండి.