ప్లేటు ఎర్రబడితే ట్యూబు కొనకముందు కప్లింగ్ కెపాసిటర్ చూడండి

ట్యూబులతో పనిచేసే పాత గిటార్ ఆంప్ (ఆంప్లిఫయర్) ఆన్ చేయగానే బాగానే మోగుతుంది. పావుగంట గడిచేసరికి శబ్దం ముద్దగా మారి హమ్ పెరుగుతుంది. గదిలో లైటు తీసి వెనక నుంచి చూస్తే ఒక పవర్ ట్యూబులో (స్పీకర్‌ను నడిపే పెద్ద ట్యూబు), కరెంటు చేరే బూడిదరంగు రేకైన ప్లేటు మీద గోరంత ఎర్రటి మచ్చ. అది హీటర్ వెలుగు కాదు, ప్లేటు రేకే కాలుతోంది. వెంటనే ఆపేయండి.

ఇక్కడే చాలామంది కొత్త ట్యూబుల జత కొనేస్తారు. దయచేసి ఆగండి. రెండు ట్యూబులున్న ఆంప్ అయితే చల్లారాక వాటిని అటూ ఇటూ మార్చి చూడండి. ఎరుపు ట్యూబుతో పాటు వెళ్తే తప్పు ట్యూబుది. అదే సాకెట్‌లో ఉండిపోతే తప్పు ఆంప్‌ది. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, ఎన్నిసార్లు చెప్పినా దీన్నే వదిలేస్తారు.

సాకెట్‌లోనే ఉండిపోతే నేను ముందు పట్టుకునేది కప్లింగ్ కెపాసిటర్‌నే. ముందు దశ నుంచి సిగ్నల్‌ను మాత్రమే పవర్ ట్యూబు గ్రిడ్‌కి (ట్యూబులో కరెంటు ఎంత పారాలో నియంత్రించే భాగం) పంపి, డీసీని ఆపడం దాని పని. పాత మైనం కాగితపు కెపాసిటర్లు వయసు మీద పడి డీసీని కొద్దికొద్దిగా వదిలేస్తాయి. గ్రిడ్ పాజిటివ్ వైపు జరుగుతుంది, ట్యూబు లాగాల్సిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. వేడెక్కేకొద్దీ లీకు పెరుగుతుంది, అందుకే మొదటి పావుగంట అంతా బాగున్నట్టే ఉంటుంది.

నేను మోసపోయింది ఇలా. కెపాసిటర్ ఊడదీసి మీటర్‌లో పెడితే 0.022 మైక్రోఫారడ్ అని సరిగ్గానే చూపించింది. బాగుందనుకుని మళ్లీ బిగించాను. రెండో జత 6వి6 ట్యూబులు కూడా పోయాయి. మీటర్ పరీక్షించేది కొద్ది వోల్టులతో. ఆంప్‌లో దాని ఒక కాలి మీద 200 వోల్టులు ఉండొచ్చు. లీకు అక్కడే బయటపడుతుంది.

కాబట్టి ఆంప్‌లోనే కొలవండి. వేడెక్కాక ఆపి, గుడ్డతో పట్టుకుని పవర్ ట్యూబులు తీయండి, ప్రీఆంప్ ట్యూబులు (ముందు దశలోని చిన్నవి) అలాగే ఉంచండి. స్పీకర్ కనెక్షన్ పీకొద్దు. నల్ల ప్రోబ్‌ను చాసిస్‌కి (ఆంప్ లోహపు చట్రం) క్లిప్ చేసి, మళ్లీ ఆన్ చేసి, ఒక్క చేత్తో ఎర్ర ప్రోబ్‌ను గ్రిడ్ పిన్‌కి పెట్టండి: 6వి6, 6ఎల్6, ఈఎల్34 అయితే 5వ పిన్, ఈఎల్84 అయితే 2వది. కాథోడ్ బయాస్ ఆంప్‌లో (ట్యూబు కాథోడ్ కింద రెసిస్టర్‌తోనే బయాస్ వచ్చే రకం) దాదాపు సున్నా రావాలి. ఒక వోల్టు పాజిటివ్ కనిపించినా కెపాసిటర్ పోయినట్టే. ఫిక్స్‌డ్ బయాస్ (గ్రిడ్‌కి విడిగా నెగటివ్ వోల్టేజీ ఇచ్చే రకం) అయితే రెండు సాకెట్లలో నెగటివ్ సమానంగా ఉండాలి, తక్కువ నెగటివ్ ఉన్న వైపు లీకు. ట్యూబులు లేనప్పుడు హెచ్‌టీ (ప్లేటుకిచ్చే అధిక వోల్టేజీ) పెరుగుతుంది, కొలవగానే ఆపేయండి.

రిపేరు చిన్నదే. ఆంప్ ఆపాక కూడా చార్జ్ నిలుపుకునే ఫిల్టర్ కెపాసిటర్లను ఖాళీ చేసి, వోల్టేజీ లేదని మీటర్‌తో చూసుకున్నాక, అదే విలువ గల 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ వేయండి. ఒకటి పోతే దాని జంటను కూడా మార్చేయండి, ట్యూబుల ఖర్చుతో పోలిస్తే అదో లెక్క కాదు. ఎర్రబడిన ట్యూబు కింద కాథోడ్ రెసిస్టర్ ఉంటే దాన్నీ కొలవండి, ఎక్కువ కరెంటుకి మాడి విలువ మారిపోయి ఉండొచ్చు.

గ్రిడ్ దగ్గర అంతా సరిగ్గా ఉన్నా ఎర్రబడుతుంటే కాథోడ్ రెసిస్టర్ పక్కన సమాంతరంగా ఉండే కాథోడ్ బైపాస్ కెపాసిటర్ షార్ట్ అయ్యిందేమో చూడండి. రెండు ట్యూబులూ ఒకేసారి ఎర్రబడితే బయాస్ సప్లై చూడండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవడం అరుదు, దాన్ని చివరికి వదిలేయండి.