చికాగోలో నా దరఖాస్తులకు పిలుపు ఎలా వచ్చిందంటే

హెచ్-1బి ఉద్యోగుల కుటుంబసభ్యులకు ఇచ్చే హెచ్-4 వీసాపై చికాగో వచ్చి, పని అనుమతి కార్డు చేతికి అందాక, గుంటూరులో తొమ్మిదేళ్లు అకౌంట్స్ చూసిన అనుభవం చాలునన్న నమ్మకంతో నెలల తరబడి దరఖాస్తులు పంపాను. ఒక్క పిలుపూ రాలేదు.

లోపం ఎక్కడుందో స్టేట్ స్ట్రీట్‌లోని హెరాల్డ్ వాషింగ్టన్ గ్రంథాలయంలో తెలిసింది. అక్కడ రెజ్యూమెలు చూసిపెట్టే ఆవిడ నా కాగితం మీద తండ్రి పేరు, పుట్టిన తేదీ, వైవాహిక స్థితి, పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒక్కొక్కటిగా పెన్సిలుతో కొట్టివేశారు. వివక్ష చూపారన్న ఆరోపణకు తావివ్వకూడదని ఇక్కడి సంస్థలు ఆ వివరాలను కోరవు. ‘మూడు కోట్ల టర్నోవర్’ అన్న చోట, కోటి లెక్క ఇక్కడ వాడకంలో లేదు కనుక, పెన్సిలు ఆగిపోయింది. దాన్ని 30 మిలియన్ల రూపాయలుగా మార్చాను. అమెరికాలో పనిచేసే అనుమతి ఉందని, స్పాన్సర్‌షిప్, అంటే వీసా కోసం సంస్థ దరఖాస్తు చేయడం, అవసరం లేదని పై వరుసలోనే చేర్చాను. అన్నిటికన్నా ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్లే ఎక్కువ నష్టపోయానని నా అభిప్రాయం.

పన్ను రిటర్నుల గడువు ఏప్రిల్ 15 కనుక, జనవరి నుంచే అకౌంటింగ్ కార్యాలయాలు తాత్కాలిక సిబ్బందిని వెతుక్కుంటాయి. ఆ అదను చూసి, క్విక్‌బుక్స్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, తాత్కాలిక నియామకాల ఏజెన్సీ ఒకదానిలో పేరు నమోదు చేసుకున్నాను. మూడో వారంలో పిలుపు వచ్చింది. చేరిన మూడు పనిదినాల్లోగా పని అనుమతిని నిర్ధారించే ఐ-9 పత్రం పూర్తికావాలి కనుక పని అనుమతి కార్డును మొదటి రోజే వెంట తీసుకువెళ్లాను.