అడవిదున్నల్ని మళ్లీ అడవికి తేవాలంటే

నల్లమలలో దాదాపు నూట యాభై ఏళ్ల తర్వాత 2024లో అడవిదున్న (ఇండియన్ బైసన్) కనిపించిందని తెలిసి నాకు భలే సంతోషమేసింది. ఇంకొన్ని తెచ్చి వదలొచ్చు కదా అంటారా? వదలొచ్చు, అటవీశాఖ చేతుల మీదుగానే. కానీ ముందు 2011, 2012లలో మధ్యప్రదేశ్‌లో కాన్హా పులుల అడవి నుంచి బాంధవ్‌గఢ్ అడవికి 50 దున్నల్ని ఎలా తరలించారో చూడండి.

అవి నల్లమలలో ఎందుకు లేకుండా పోయాయో మొదట తేల్చుకోవాలి. గడ్డి, వెదురు, ఎండాకాలంలో నీళ్లు లేకపోతే తెచ్చినా దండగే. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి ఆవుకీ గేదెకీ గాలికుంటు వ్యాధి టీకా వేయించాలి, ఇది మాత్రం అస్సలు వాయిదా వేయొద్దు, మన పశువుల రోగాలు దున్నలకీ అంటుకుంటాయి.

పట్టడానికి చలికాలమే మంచిది. మత్తు సూది తగిలి పడిపోయిన దున్నని పక్కకి ఒరగనివ్వకుండా నలుగురు పట్టుకుని బోర్లా, ఛాతీ ఆనేలా ఉంచాలి, లేదంటే కడుపు ఉబ్బి ఊపిరాడదు. కళ్లకు గుడ్డ కట్టి, ఒంటి మీద నీళ్లు పోస్తూ, గుసగుసగానే మాట్లాడుకుంటూ పని కానివ్వాలి. టెన్షన్‌తోనే చచ్చిపోయే జంతువులవి.

కొత్త చోటికి తెచ్చి దించగానే అడవిలోకి వదిలేయకండి. కొన్నాళ్లు కంచె వేసిన ఆవరణలో ఉంచి, మేత మేస్తున్నాయని నమ్మకం కుదిరాకే గేటు తీయాలి. ఒకటో రెండో మగవి, మిగతావి ఆడవి ఉంటే మంద నిలుస్తుంది. ఎక్కడ తిరుగుతున్నాయో తెలిసేలా కొన్నింటి మెడకి రేడియో కాలర్ పెట్టాలి. పొలంలో పడి మేస్తే రైతుకి డబ్బు ఆ నెలలోనే అందాలి.